ఎముకలు కొరికే చలిలో ఇంటిల్లిపాదీ వెచ్చగా: ఏది ముందు, ఏది తర్వాత

చలి ముదిరిందనగానే చాలామంది చేసే మొదటి పని హీటర్ కొనడం. నన్నడిగితే అది చివర చేయాల్సిన పని. సందులు తెరిచి ఉన్న ఇంట్లో ఎంత పెద్ద హీటర్ పెట్టినా వేడి పైనుంచి బయటికి పోతూనే ఉంటుంది, కింద నుంచి చలిగాలి దూరుతూనే ఉంటుంది. బిల్లు ఒక్కటే మిగులుతుంది. ముందు సందులు మూయాలి. తర్వాత ఒంటి మీద బట్టలు, పడుకునే పక్క చూసుకోవాలి. ఆ తర్వాత పొయ్యి. అప్పటికీ చాలకపోతేనే హీటర్. ఈ వరుసలో వెళ్తే ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది. ఇందులో సగం పనులు ఇంట్లో పడి ఉన్న పాత ప్యాంట్లు, తువ్వాళ్లు, దుప్పట్లతోనే అయిపోతాయి.

పని మొదలుపెట్టే ముందు గది థర్మామీటర్ ఒకటి గోడకు తగిలించండి. చలి ప్రాంతాల్లో ఇంటి లోపల వేడి 18 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. పసిపిల్లలు, వృద్ధులు, దీర్ఘకాలం జబ్బుతో ఉన్నవాళ్లు ఉంటే ఇంకాస్త ఎక్కువే కావాలి. ఒంటి అంచనాను నమ్ముకోవద్దు. ఇల్లంతా తిరుగుతూ పనిచేసేవాళ్లకు వెచ్చగా అనిపించే గదిలోనే కుర్చీలో కూర్చున్న పెద్దావిడ వణుకుతూ ఉండొచ్చు, ఆ మాట ఆవిడ పైకి చెప్పకపోవచ్చు కూడా.

1. సందులు పట్టుకోండి, మూయండి

బయట గాలి బాగా వీస్తున్న రోజే ఈ పని పెట్టుకోండి. చెయ్యి కాస్త తడి చేసుకుని తలుపుల చుట్టూ, కిటికీ చట్రాల వెంట నెమ్మదిగా జరపండి. చలిగాలి వచ్చే చోట ఇట్టే తెలుస్తుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే అగరుబత్తి వెలిగించి, పరదాలకు దూరంగా పట్టుకుని చూడండి. పొగ నిటారుగా లేవకుండా పక్కకు వంగిందంటే అక్కడ సందు ఉన్నట్టే. తలుపు అడుగున, పైపులూ వైర్లూ గోడలోంచి వచ్చే చోట, అటక మూత దగ్గర తప్పకుండా చూడండి. వేడిగాలి పైకి పోతూ కింద నుంచి చలిగాలిని లాక్కుంటుంది కాబట్టి పై సందులు మూస్తే కింద చలి కూడా తగ్గుతుంది. అటక సంగతి చాలామంది మర్చిపోతారు.

కిటికీ చట్రాలకు ఫోమ్ టేపు చాలు. తలుపు అడుగుకు మాత్రం ఇంట్లోనే ఒక గుడ్డ గొట్టం కుట్టుకోవచ్చు. పాత ప్యాంటు కాలు ఒకటి తలుపు వెడల్పు కంటే నాలుగు వేళ్లు ఎక్కువ ఉండేలా కత్తిరించండి. ఒక చివర కుట్టేసి, చిరిగిన బట్టల పేలికలు గట్టిగా కూరండి. మధ్యలో కొంచెం ఇసుకో బియ్యమో పోస్తే బరువుకి కదలకుండా ఉంటుంది. రెండో చివరా కుట్టేయండి. రోజూ తీసి మూసే తలుపైతే ఇలాంటివి రెండు సన్నగా చేసి, తలుపు మందమంత ఎడంతో ఒక గుడ్డ పట్టీకి రెండు అంచులా కుట్టండి. ఆ పట్టీని తలుపు కిందకు దూర్చితే లోపలొకటి, బయటొకటి ఉండి తలుపుతోపాటే జరుగుతాయి. వచ్చిపోయే ప్రతిసారీ వంగి సర్దే పని ఉండదు.

కిటికీ అద్దాలకు బబుల్ ర్యాప్ అంటించడం చూడటానికి అంత బాగుండదు గానీ బాగా పనిచేస్తుంది. అద్దం మీద నీళ్లు చిలకరించి, బుడగలు అద్దం వైపు ఉండేలా నొక్కితే జిగురు లేకుండానే అతుక్కుంటుంది. దాని మీద మందపాటి పరదా వేయండి. పరదా కింద దాకా ఉండాలి, కానీ రేడియేటర్‌ని గానీ హీటర్‌ని గానీ కప్పకూడదు. ఎండ పడే కిటికీ పరదాలు పొద్దున్నే తీసేయండి, సూర్యుడు దిగకముందే మూసేయండి. పైసా ఖర్చు లేని వేడి అది.

ఒక్క హెచ్చరిక. గ్యాస్ పొయ్యి, గీజర్, కట్టెల పొయ్యి ఉన్న చోట గోడకు పెట్టిన గాలి రంధ్రాలను ఎట్టి పరిస్థితుల్లోనూ మూయొద్దు. అవి సందులు కావు.

2. ఒక గదిని ఎంచుకోండి

ఇల్లంతా వెచ్చబెట్టాలని పట్టుబట్టకండి. సాయంత్రం నుంచి పడుకునే దాకా అందరూ ఉండే గది ఒకటి అనుకోండి. చిన్నది, ఎండ తగిలేది, బయటి గోడలు తక్కువ ఉన్నది, వంటింటిని ఆనుకున్నదైతే మరీ మంచిది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. నలుగురు ఒక గదిలో చేరితే చిన్న హీటర్ నడుస్తున్నట్టే.

నేల మీద ఏది దొరికితే అది పరవండి. చాప మీద దుప్పటి, దాని మీద ఇంకొకటి. కుర్చీలను, మంచాన్ని బయటి గోడకు ఆనించకుండా కొంచెం ఇవతలికి జరపండి. చలి గోడ పక్కన కూర్చుంటే గదిలో వేడి ఎంత ఉన్నా వీపు చల్లగానే అనిపిస్తుంది. పైగా గాలాడని గోడకు బూజు పడుతుంది. వాడని గదుల తలుపులు మూసేయండి, అయితే నీళ్ల పైపులున్న గదిని పూర్తిగా చల్లబడనివ్వొద్దు.

అందరూ ఒకే గదిలో ఉండటం చెప్పినంత తేలిక కాదు. ఒకరికి చదువు, ఒకరికి టీవీ, ఒకరికి నిద్ర. రెండో రోజుకే కీచులాటలు మొదలవుతాయి. ఎవరి మూల వాళ్లకు ముందే చెప్పేయడం, టీవీకి ఒక టైమ్ పెట్టడం, ఫోన్ చూసేవాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం, ఈ మూడూ గట్టిగా అమలు చేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. చిన్నపిల్లలుంటే బల్ల మీద నుంచి దుప్పటి నాలుగు వైపులా వేలాడదీసి లోపల దిండ్లు పడేయండి. గుడిసె అని గంటలకొద్దీ ఆడుకుంటారు. లోపలి గాలి వాళ్ల ఒంటివేడికే వెచ్చబడుతుంది. వెలుతురుకు టార్చిలైటు ఇవ్వండి, కొవ్వొత్తి మాత్రం వద్దు.

3. ఒంటి మీద ఏం ఉండాలి

మందపాటి బట్ట ఒకటి కంటే పల్చటివి మూడు మేలు. పొరల మధ్య నిలిచిన గాలే వేడిని పట్టి ఉంచుతుంది. లోపల ఒంటికి అంటుకుని చెమటను బయటికి లాగేది, మధ్యలో ఉన్ని లేదా ఫ్లీసు, పైన గాలి దూరనిది. నూలు బట్ట ఇంట్లో కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది గానీ, చెమటకో మంచుకో తడిస్తే తొందరగా ఆరదు. తడి బట్ట పొడి బట్ట కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. అందుకే బయటి నుంచి వచ్చిన పిల్లలకు మొదట మార్చాల్సింది సాక్సులు, లోపలి బనియను. పైన కోటు పొడిగానే ఉందని వదిలేయొద్దు.

రెండు జతల సాక్సులు తొడిగి బిగుతు బూట్లలో కుక్కితే కాళ్లు ఇంకా చల్లబడతాయి. రక్తం ఆడాలి కదా. వేళ్లన్నీ కలిసి ఉండే చేతి తొడుగులు విడి వేళ్లవాటి కంటే వెచ్చగా ఉంటాయి. ఒంటివేడిలో సగం తలలోంచే పోతుందనే మాట మీరూ విని ఉంటారు. అది నిజం కాదు, తల వాటా పదో వంతుకు దగ్గరగా ఉంటుంది. అయినా టోపీ పెట్టుకోండి, చెవులు గడ్డకట్టకుండా ఉంటాయి.

గుమ్మం లోపల ఒక పాత ట్రే పెట్టి తడి బూట్లు అందులో విప్పించండి. లోపల పాత న్యూస్‌పేపర్లు కూరితే తడి పీల్చుకుంటాయి. గంట తర్వాత ఆ కాగితాలు తీసి కొత్తవి కూరాలి. బూట్లను హీటర్‌కు ఆనించి ఆరబెడితే తోలు పగులుతుంది, అతుకులు ఊడతాయి.

వేళ్లు కొంకర్లు పోయి తిమ్మిరెక్కితే రుద్దకండి, మంటకు దగ్గరగా పెట్టకండి. స్పర్శ తెలియని వేళ్లు కాలినా తెలియదు. చంకల్లో పెట్టుకోండి, లేదా 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో ముంచండి. నీళ్ల వేడిని మోచేత్తో వేరేవాళ్లు చూడాలి. చర్మం తెల్లగా, గట్టిగా, మైనంలా మారితే డాక్టర్ దగ్గరకే వెళ్లాలి.

4. పక్క సరిగ్గా వేసుకోవడం

రాత్రి చలికి పైన దుప్పటి మీద దుప్పటి వేస్తూ పోతాం. చలి మాత్రం కింద నుంచి వస్తుంది. మన బరువుకి పరుపులోని గాలి నలిగిపోవడం వల్ల అడుగు భాగం వేడిని ఆపలేదు. ఉన్నవాటిలో ఒక మంచి ఉన్ని దుప్పటిని పరుపు మీద, షీటు కింద పరవండి. ఆ తేడా మొదటి రాత్రే తెలుస్తుంది. పైన కప్పుకునేటప్పుడు తేలికగా, ఉబ్బెత్తుగా ఉన్న రజాయి ఒంటికి దగ్గరగా, నేత గట్టిగా ఉన్న దుప్పటి దాని పైన రావాలి. బరువు దుప్పట్లు నాలుగు వేసి రజాయిని నలిపేస్తే అందులో గాలి ఉండదు, వేడీ ఉండదు.

పడుకోవడానికి అరగంట ముందు వేడినీళ్ల రబ్బరు సంచి పక్కలో పెట్టండి. లీటరు నీళ్లు 80 డిగ్రీల నుంచి 40కి చల్లారేలోపు దాదాపు 47 వాట్-గంటల వేడి ఇస్తాయి. అంటే పాతకాలపు ఫిలమెంట్ బల్బు చిన్నది ఒకటి గంటసేపు దుప్పటి కింద వెలిగినంత. దాన్ని నింపే పద్ధతి ఇది: నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి కొన్ని నిమిషాలు ఆగండి. సంచిని మెడ పట్టుకుని నిటారుగా నిలబెట్టి, మూడింట రెండు వంతులు మాత్రమే పోయండి. బల్ల మీద మెల్లగా వంచుతూ లోపలి గాలి పోనిచ్చి, నీళ్లు మూతి దాకా రాగానే మూత బిగించండి. తలకిందులు చేసి కారట్లేదని చూసుకోండి. గుడ్డ తొడుగు లేకుండా వాడొద్దు. నిద్ర ముంచుకొచ్చేలోగా పక్కలోంచి తీసేయడం ఇంకా మంచిది. రబ్బరు పగుళ్లు ఇచ్చినా, రెండు మూడేళ్లు దాటినా పారేయండి. పాతబడ్డ సంచి పక్కలో పగిలితే ఒళ్లు కాలుతుంది.

సంచి లేకపోతే ధాన్యం మూట కుట్టుకోవచ్చు. పూర్తిగా నూలుతో చేసిన గుడ్డలో బియ్యమో గోధుమలో వదులుగా నింపి కుట్టేయండి. ప్లాస్టిక్ జిప్పులు, మెరుపు దారాలు ఉండకూడదు. మైక్రోవేవ్‌లో పక్కనే కప్పు నీళ్లు పెట్టి, అర నిమిషం చొప్పున వేడి చేస్తూ చూసుకోండి. ఎక్కువసేపు పెడితే లోపలి గింజలు మాడి నిప్పంటుకుంటుంది. మాడు వాసన వచ్చిన మూటను మళ్లీ వాడకండి. మెడనొప్పికి, బిగుసుకుపోయిన భుజాలకి ఇది బాగా పనికొస్తుంది.

ఏడాది నిండని పసివాళ్ల పక్క వేరుగా ఉండాలి. వాళ్ల తొట్టెలో వదులు దుప్పట్లు, దిండ్లు, వేడి సంచులు ఏవీ వద్దు. మెడ, చేతుల దగ్గర సరిపడేలా ఉండే నిద్ర సంచి తొడిగితే చాలు. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడకండి. పొట్ట మీదో మెడ వెనకో చెయ్యి పెట్టి చూడండి, అక్కడ వెచ్చగా ఉంటే బిడ్డ బాగున్నట్టే. చెమట పడుతుంటే ఒక పొర తీసేయండి.

ఇంట్లో పెద్దవాళ్ల మీద ఒక కన్నేసి ఉంచండి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే అది ప్రాణాపాయం. మాట ముద్దముద్దగా రావడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, మగతగా ఉండటం, అంతవరకూ వణికినవాళ్లకు వణుకు ఆగిపోవడం దాని గుర్తులు. వణుకు ఆగింది, తేరుకున్నారు అనుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. వెంటనే అంబులెన్స్ పిలవండి. అది వచ్చేలోపు తడి బట్టలు తీసేసి, పొడి దుప్పట్లతో ఛాతీ, వీపు కప్పండి. మెలకువగా ఉంటే వెచ్చటి, తీపి పానీయం తాగించండి. మద్యం అసలు వద్దు. అది చర్మం దగ్గర రక్తనాళాలను తెరుస్తుంది, వెచ్చగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తూ లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

5. పొయ్యి దగ్గర

నిదానంగా ఉడికేవి ఈ కాలానికి బాగుంటాయి. పప్పుధాన్యాలు, దుంపలు, ఉల్లిపాయలు, తినేవాళ్లైతే ఎముకలు వేసి పెద్ద గిన్నెడు చిక్కటి సూప్ పెడితే ఇల్లు వెచ్చబడుతుంది, రెండు పూటలు గడుస్తాయి. గిన్నె మీద మూత ఉంచండి, లేకపోతే ఆవిరంతా కిటికీ అద్దాల మీద నీళ్లై కారుతుంది.

ఇంకా తక్కువ ఇంధనంతో కావాలంటే దుప్పట్ల పెట్టెలో వండండి. కరెంటు, గ్యాస్ కరువున్న రోజుల్లో గడ్డి నింపిన పెట్టెలతో చాలా దేశాల్లో ఇలాగే వండేవారు. బరువైన మూతున్న గిన్నె తీసుకుని దాదాపు నిండుగా వండండి. సగం గిన్నె తొందరగా చల్లారిపోతుంది. పప్పులను ముందే నానబెట్టి, పొయ్యి మీద కనీసం 10 నిమిషాలు కుతకుతా మరగనివ్వండి. రాజ్మాకైతే ఈ మరుగు తప్పనిసరి, సరిగా ఉడకని రాజ్మా కడుపును చెడగొడుతుంది. మూత తీయకుండా గిన్నెను తువ్వాలులో చుట్టి, అడుగున దిండు, చుట్టూ దుప్పట్లు కూరిన అట్టపెట్టెలో పెట్టి పైన ఇంకో దిండు ఒత్తండి. మూడు నాలుగు గంటలు దాని జోలికి పోవద్దు. తీసేసరికి పొగలు కక్కుతూ ఉండాలి. మరోసారి బాగా మరిగించే వడ్డించండి. గోరువెచ్చగా అయిపోయి ఉంటే అది పారేయాల్సిందే.

మిగిలిన సూప్‌ను వంటింట్లోనే వదిలేసి, ఇంత చలిలో ఫ్రిజ్ ఎందుకు అనుకోకండి. వంటిల్లు ఎంత చల్లగా అనిపించినా ఫ్రిజ్‌లోలా 5 డిగ్రీల లోపు ఉండదు. చిన్న గిన్నెల్లోకి సర్ది, రెండు గంటల్లోపు లోపల పెట్టేయండి.

రొట్టె కాల్చే అలవాటుంటే ఈ చలి మీకు సాయమే చేస్తుంది. ఈస్ట్ మెల్లగా పనిచేస్తుంది కాబట్టి రాత్రి పిండి కలిపి మూతపెట్టి చల్లటి చోట వదిలేయండి. పొద్దున్నకు పొంగుతుంది, రుచి కూడా పెరుగుతుంది. కాల్చాక కరెంటు ఓవెన్ తలుపు తెరిచి ఆ వేడిని గదిలోకి వదలొచ్చు, పిల్లలు దగ్గరలో లేకపోతేనే. గ్యాస్ ఓవెన్‌ను మాత్రం గది వేడికోసం ఎప్పుడూ వెలిగించొద్దు.

ఫ్లాస్కులో పానీయం పోసే ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోయండి. అప్పుడు లోపలి గోడ వేడెక్కి ఉంటుంది, సాయంత్రం దాకా వేడి నిలుస్తుంది. పిల్లలకు తేనె కలిపి ఇచ్చేవాళ్లు ఏడాది లోపు బిడ్డలకు అది ఇవ్వకూడదని గుర్తుంచుకోండి.

6. పొడిగాలి, ఆరని బట్టలు

బయట మైనస్ 10 డిగ్రీల గాలి తేమతో నిండి ఉన్నా, ఇంట్లోకొచ్చి 20 డిగ్రీలకు వేడెక్కాక అందులో తేమ 15 శాతం లోపే. గొంతు ఎండటం, పెదాలు పగలడం, తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కున షాక్ కొట్టడం, అన్నీ దీనివల్లే. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే సుఖం. హీటున్న గదిలో బట్టలు ఆరేస్తే తేమ వస్తుంది, కానీ ఒక్క ఉతుకు బట్టల్లోంచే రెండు లీటర్ల దాకా నీళ్లు గాలిలో కలుస్తాయి. కిటికీ అద్దం లోపలివైపు నీళ్లు కారుతున్నాయంటే మోతాదు మించింది. అద్దం తుడిచి, ఐదు పది నిమిషాలు కిటికీలు బార్లా తెరిచి మూసేయండి. రోజంతా సందు వదిలి గోడలను చల్లార్చడం కంటే ఇదే నయం.

స్నానం గోరువెచ్చటి నీళ్లతో, తొందరగా. ఒళ్లు తుడుచుకున్న కాసేపట్లోనే, చర్మం తడిగా ఉండగానే నూనో క్రీమో రాయాలి.

7. హీటర్, నిప్పు, పొగ

ఇప్పుడు హీటర్. పరదాలు, పక్కలు, బట్టలు దానికి కనీసం మీటరు దూరంలో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టాలి. పడుకునే ముందు కట్టేయాలి.

బొగ్గుల కుంపటి, బార్బెక్యూ, జనరేటర్ ఇంటి లోపల పెట్టకూడదు, తలుపు తీసి ఉన్నా సరే. జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలై, బయటికెళ్తే తగ్గుతుంటే జలుబు అనుకోకండి. అందర్నీ బయటికి తీసుకెళ్లి, అక్కడి నుంచి ఫోన్ చేసి సాయం పిలవండి. దాన్ని పట్టే అలారం ఒకటి పడకగది దగ్గర పెట్టుకోవాలి. పైన చెప్పిన వస్తువుల్లో డబ్బు పెట్టదగ్గది ఏదైనా ఉందంటే ఇదే.

8. పైపులు గడ్డకడితే, కరెంటు పోతే

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. గడ్డకీ మూసిన కొళాయికీ మధ్య ఒత్తిడి పెరిగి పైపు పగులుతుంది. బాగా చలి ఉన్న రాత్రి, బయటి గోడ వెంట పోయే పైపు కొళాయిని సన్నగా కారనివ్వండి, సింకు కింది అలమర తలుపులు తెరిచి ఉంచండి. మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. గడ్డకట్టిన పైపును కరిగించాలంటే కొళాయి తెరిచి ఉంచి, అటు నుంచి మొదలుపెట్టి హెయిర్ డ్రయ్యర్‌తోనో వేడి తువ్వాళ్లతోనో వెచ్చబెట్టండి. మంట పెట్టొద్దు.

కరెంటు పోయిన రాత్రి అందరినీ ఒకే గదిలో, వీలైతే ఒకే పక్కలో పడుకోబెట్టండి, ఏడాది నిండని పసివాళ్లను మాత్రం వాళ్ల తొట్టెలోనే. కిటికీలకు దుప్పట్లు, తలుపు కింద గుడ్డ గొట్టం. ఫోన్లలో చార్జింగ్ అత్యవసరానికి దాచండి. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే లోపలి సరుకు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటల దాకా ఆగుతుంది. వేడి వంట కుదరకపోయినా పడుకునే ముందు అందరూ ఏదో ఒకటి తినాలి. ఖాళీ కడుపుతో పడుకున్న ఒళ్లు తెల్లారేలోపు చల్లబడిపోతుంది.